వేంగి నేల – దేవలోకం: రాగి రేకుల స్వర్గం నుంచి ఉత్తర ద్వారం వరకు

ఉద్దేశ్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• స్వర్గం, వైకుంఠం, కైలాసం అనే భావనల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• శాలంకాయనుల కాలం నాటి తామ్రశాసనాలలో స్వర్గ ప్రస్తావన ఎందుకు ఉందో విశ్లేషించగలుగుతారు.
• దేవుడు భూమికి యజమాని అయిన క్రమాన్ని పెదవేగి ఆధారాలతో చర్చించగలుగుతారు.
• ద్వారకా తిరుమల స్థలపురాణాన్ని, ఉత్తర ద్వార దర్శనాన్ని చరిత్ర విద్యార్థిగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

మన ఇళ్లలో ఒక పెద్దాయన కన్నుమూస్తే 'స్వర్గస్థులయ్యారు' అంటాం. వైష్ణవ కుటుంబాలలో 'వైకుంఠ ప్రాప్తి', శైవ కుటుంబాలలో 'శివైక్యం' అంటారు. భౌతికకాయాన్ని తీసుకువెళ్లే బండికి 'వైకుంఠ రథం' అని పేరు. పిల్లలు ఆడే వైకుంఠపాళిలో నిచ్చెనలు ఎక్కి, పాములు తప్పించుకుని, చివరకు చేరవలసిన గడి పరమపదం. ఈ మాటలన్నీ ఒకే అర్థంలో వాడుతున్నట్లు అనిపిస్తుంది. కాని ఒక్కో మాట వెనుక ఒక్కో కాలం, ఒక్కో మతసంప్రదాయం ఉన్నాయి.

దేవలోకం ఉందా, లేదా అనేది చరిత్ర తేల్చే విషయం కాదు. ఆ నమ్మకం ఉన్న మనుషులు దానితో ఏమి చేశారు, ఎవరికి భూమి ఇచ్చారు, ఎవరిని హెచ్చరించారు, ఎవరికి తలుపు తెరిచారు, ఎవరికి మూసివేశారు అన్నవి మాత్రం చరిత్ర అడగదగిన ప్రశ్నలే. వీటికి జవాబులు వెదకడానికి ఏలూరుకు ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగి మంచి ఉదాహరణ. నేడు మండల కేంద్రంగా ఉన్న ఈ ఊరే ప్రాచీన వేంగీపురమని చరిత్రకారులు గుర్తించారు. ఈ ప్రాంతంలో దేవలోకం గురించిన ఊహ ఎప్పుడూ ఆకాశానికే పరిమితం కాలేదు. అది మొదట పొలం గట్టుకు కాపలా కాసింది. తరువాత గుడిగా నిలిచింది. ఆ పైన కొండగా, తలుపుగా మారింది. ఆ మార్పు క్రమమే ఈ పాఠ్యాంశం.

2. లోకాలు – భావాలు

పురాణాల ప్రకారం విశ్వంలో పదునాలుగు లోకాలున్నాయి. భూలోకం మొదలుకొని భువర్లోకం, సువర్లోకం, మహర్లోకం, జనలోకం, తపోలోకం, సత్యలోకం అనేవి పై ఏడు. అతలం నుంచి పాతాళం వరకు ఉన్నవి కింది ఏడు. వ్యవహారంలో వీటిని స్వర్గ, మర్త్య, పాతాళాలనే మూడు లోకాలుగా కుదించి చెబుతారు.

స్వర్గం ఇంద్రుని లోకం. యజ్ఞాలు, దానాలు చేసినవారు అక్కడికి వెళతారని వైదిక సంప్రదాయం చెబుతుంది. అయితే స్వర్గవాసానికి గడువు ఉంది. పుణ్యం ఖర్చయిన తరువాత మళ్లీ భూమి మీద పుట్టక తప్పదని భగవద్గీత స్పష్టం చేసింది. అంటే స్వర్గం సంపాదించుకున్నంత కాలమే ఉండే చోటు.

వైకుంఠం అలాంటిది కాదు. అది విష్ణువు నివాసం. అక్కడికి చేరినవారు తిరిగి రారని వైష్ణవుల విశ్వాసం. ప్రాచీన సాహిత్యంలో 'వైకుంఠుడు' అనేది ముందుగా దేవుని పేరుగా కనిపిస్తుంది. ఆ పేరు గల దేవుని లోకం గురించిన విపులమైన వర్ణనలు పురాణాలలో పెరిగాయి. భాగవతం తృతీయ స్కంధంలో సనకాదులు వైకుంఠంలో ఆరు ద్వారాలు దాటి, ఏడవ ద్వారం వద్ద జయవిజయుల చేత అడ్డగింపబడిన కథ ఉంది. రామానుజాచార్యులు సంస్కృత వచనంలో రచించిన వైకుంఠగద్యం ఈ లోకాన్ని ధ్యానించవలసిన విధానాన్ని చెబుతుంది. 15వ శతాబ్దంలో పోతన భాగవతాన్ని తెలుగు చేసిన తరువాత, గజేంద్రమోక్ష ఘట్టం ద్వారా వైకుంఠం చదువురాని తెలుగువారికి కూడా చెవికి పరిచయమైంది.

శివుని నివాసమైన కైలాసం ఈ రెండింటికీ భిన్నంగా భూమి మీదనే, హిమాలయాలకు ఆవల, కంటికి కనిపించే పర్వతం. శైవ, వైష్ణవ సంప్రదాయాలు ముక్తిని నాలుగు మెట్లుగా చెబుతాయి. దేవుని లోకంలో ఉండడం సాలోక్యం, దగ్గరగా ఉండడం సామీప్యం, ఆయన రూపం పొందడం సారూప్యం, ఆయనలో కలిసిపోవడం సాయుజ్యం. దేవునితో ఒకే లోకంలో ఉండగలగడమే ఇందులో మొదటి మెట్టు అని గమనించండి. గుడి పుట్టుకను అర్థం చేసుకోవడానికి ఈ భావన అవసరమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
స్వర్గానికి, వైకుంఠానికి ప్రధానమైన తేడా ఏమిటి?

3. పెదవేగి: చారిత్రక నేపథ్యం

కృష్ణా, గోదావరి నదుల నడుమ, కొల్లేరుకు ఎగువన ఉన్న సారవంతమైన నేల వేంగి. క్రీ.శ. 4వ శతాబ్దంలో ఇక్కడ శాలంకాయనులు రాజ్యమేలారు. సముద్రగుప్తుని ప్రయాగ స్తంభశాసనంలో ఆయన దక్షిణాపథ దండయాత్రలో ఎదుర్కొన్న రాజుల జాబితాలో వేంగికి చెందిన హస్తివర్మ పేరు ఉంది. శాలంకాయనుల కులదైవం చిత్రరథస్వామి, అంటే సూర్యుడు. ఈ రాజులు తమ శాసనాలలో తమను చిత్రరథస్వామి పాదాలను ధ్యానించేవారిగా చెప్పుకున్నారు. ఉపనిషత్తులలో దేవయాన మార్గం సూర్యుని మీదుగా సాగుతుందని ఉంది. లోకాల మధ్య తలుపు వంటి దేవుణ్ణి ఈ వంశం కులదైవంగా కొలిచిందన్నమాట.

ఒకే వంశంలో అందరి మతాభిరుచి ఒకటిగా లేదు. అశ్వమేధం చేసిన దేవవర్మ పరమమాహేశ్వరుడు, అంటే శివభక్తుడు. రెండవ నందివర్మ పరమభాగవతుడు, అంటే విష్ణుభక్తుడు. వీరి రాజధానికి చేరువలోనే, నేటి కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి కొండ మీద, వీరికంటే కొన్ని శతాబ్దాల ముందు తొలిచిన బౌద్ధ గుహలున్నాయి.

శాలంకాయనుల తరువాత వేంగి విష్ణుకుండినుల చేతికి వచ్చింది. 7వ శతాబ్దపు తొలి దశకాలలో బాదామి చాళుక్య రాజు రెండవ పులకేశి ఈ ప్రాంతాన్ని జయించాడు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం కునాల సరస్సు నీరు యుద్ధంలో చిందిన నెత్తుటితో ఎర్రబారిందని చెబుతుంది. ఆ కునాలమే మన కొల్లేరు అని పండితుల అభిప్రాయం. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు 624లో స్థాపించిన తూర్పు చాళుక్య వంశం నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచింది. ఆ వంశం తొలి దశకాలలోనే చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చాడు. రాజధాని పింగ్-కి-లోలో, దాని పరిసరాలలో సుమారు 20 బౌద్ధ సంఘారామాలు, 30కి పైగా దేవాలయాలు ఉన్నాయని రాశాడు. పింగ్-కి-లో అంటే వేంగి అని పలువురు చరిత్రకారులు గుర్తించారు.

ఈ వివరాల నుంచి మీరు గుర్తుంచుకోవలసిన అంశం ఒకటి ఉంది. 300 ఏళ్ల వ్యవధిలో ఇదే పొలాల మీద కనీసం మూడు రాజవంశాల అధికారం మారింది. ఒక రాజు ఇచ్చిన మాటను తరువాతి వంశపు రాజు నిలబెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. దానం పొందినవారి భయం అదే.

4. రాగి రేకుల్లో స్వర్గం

తామ్రశాసనం అంటే రాగి రేకుల మీద చెక్కిన దానపత్రం. రేకులకు రంధ్రం చేసి, కడియంలో గుచ్చి, కడియం అతుకు మీద రాజముద్ర వేసేవారు. శాలంకాయనుల ముద్ర వృషభం. దానగ్రహీత ఈ రేకులను తన దగ్గర భద్రపరచుకునేవాడు. రాజు మారినా, అధికారి మారినా చూపించవలసిన ఆధారం ఇదే.

దేవవర్మ తన 13వ పాలనా సంవత్సరంలో వేయించిన ఏలూరు తామ్రశాసనం ఏలూర గ్రామస్థులను ఉద్దేశించినది. నేటి ఏలూరు పేరు ఇంత ప్రాచీనమైన శాసనంలో కనిపించడం విశేషం. బభుర గోత్రానికి చెందిన గణశర్మ అనే బ్రాహ్మణునికి 20 నివర్తనాల భూమిని రాజు దానం చేశాడు. ఈ శాసనం భాషను గమనించండి. దాన వివరాలు ప్రాకృతంలో ఉన్నాయి. చివరనున్న శాపవాక్యాలు మాత్రం సంస్కృత శ్లోకాలు. గ్రామాధికారులకు పని చెప్పడానికి అప్పటి పాలనా భాష సరిపోయింది. పరలోకం మాట చెప్పడానికి దేవభాష కావలసి వచ్చింది.

భారతదేశమంతటా దానశాసనాల చివర కనిపించే ఇటువంటి శ్లోకాలు చాలావరకు వ్యాసుని పేరుతో ప్రసిద్ధమైనవి. వాటిలోని సారాంశం మూడు మాటలలో చెప్పవచ్చు.

మొదటిది, భూమిని దానం చేసినవాడు 60,000 సంవత్సరాలు స్వర్గంలో సుఖిస్తాడు. దానిని లాక్కున్నవాడు అన్నే సంవత్సరాలు నరకంలో ఉంటాడు. లాక్కోవడానికి సమ్మతి తెలిపినవాడికీ అదే గతి.

రెండవది, భూమిని ఎందరో రాజులు దానం చేశారు. ఏ కాలంలో ఎవరి ఏలుబడిలో భూమి ఉంటుందో ఆ కాలంలో దాని ఫలం వారిదే.

మూడవది, కొత్తగా దానం చేయడం కంటే పూర్వులు చేసిన దానాన్ని కాపాడడమే మేలు.

ఈ మూడింటినీ కలిపి చదివితే వీటి వెనుక ఉన్న ఆలోచన బోధపడుతుంది. మొదటి శ్లోకం భయాన్ని, ఆశను చూపుతుంది. 'సమ్మతి తెలిపినవాడు' అన్న మాట రాజును మాత్రమే కాక, ఆజ్ఞ అమలు చేసే అధికారిని, చూస్తూ ఊరుకునే పెద్దను కూడా హెచ్చరిస్తుంది. రెండవ శ్లోకం కొత్తగా వచ్చిన రాజుకు ఒక లాభం చూపుతుంది. అతడు పైకం ఖర్చు పెట్టనక్కరలేదు, యుద్ధంలో గెలిచిన నేల మీద పాత దానాన్ని ఉన్నదున్నట్లు ఉంచితే చాలు, పుణ్యంలో భాగం అతనిది. మూడవ శ్లోకం ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ పనికి దానం కంటే పెద్దపీట వేస్తుంది.

అంటే ఈ శ్లోకాలలో స్వర్గం ఒక హామీపత్రంగా పనిచేసింది. శాశ్వతమైన న్యాయస్థానం గాని, భూమి రికార్డుల కార్యాలయం గాని లేని కాలంలో, వంశాలు మారినా మారని అధికారం ఒకటి కావలసి వచ్చింది. శాలంకాయనుల పాలన సుమారు ఒకటిన్నర శతాబ్దం. శ్లోకం చెప్పే గడువు 60,000 సంవత్సరాలు. రాజ్యం ఎంత కాలం ఉంటుందో తెలియనివారు, ఏ రాజ్యానికీ అందనంత పొడవైన గడువును ఎంచుకున్నారు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఇవి లేఖకులు అలవాటుగా చెక్కిన శ్లోకాలు. గుప్తుల కాలం నాటి ఉత్తర భారత శాసనాలలోనూ ఇవే కనిపిస్తాయి. కాబట్టి వీటిని బట్టి ఫలానా రాజు స్వర్గాన్ని గాఢంగా నమ్మాడని నిర్ణయించలేము. ఆ మాట వింటే ఎదుటివారు వెనుకాడతారని నాటి సమాజం భావించిందని మాత్రం చెప్పవచ్చు. ఇంకొక విషయం కూడా ఉంది. రాగి రేకులలోని స్వర్గం భూమి ఇవ్వగలిగినవాడికి దక్కే స్వర్గం. ఆ భూమిని దున్నినవాడి పరలోకం గురించి ఆ శ్లోకాలు మాట్లాడవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
దానశాసనాల చివరి శ్లోకాలు భవిష్యత్తులో వచ్చే రాజులను ఏ విధంగా ప్రభావితం చేయడానికి ప్రయత్నించాయి?

5. మూడు లోకాల నాథుడు – ఆయన పొలం

పెదవేగిలో దొరికిన రెండవ నందివర్మ తామ్రశాసనం మన చర్చను మరొక దశకు తీసుకువెళుతుంది. హస్తివర్మ మొదలుకొని నాలుగు తరాల శాలంకాయనుల వంశక్రమాన్ని తెలిపే ఈ శాసనం చరిత్రకారులకు ఎంతో విలువైనది. ఇందులో దానగ్రహీత బ్రాహ్మణుడు కాదు, దేవుడు. ఆ దేవుని పేరు విష్ణుగృహస్వామి. ఆయనకు శాసనం ఇచ్చిన విశేషణం త్రైలోక్యనాథుడు, అంటే మూడు లోకాలకు అధిపతి. ఆయనకు ఇచ్చిన భూమిని 'దేవహలం' అన్నారు. హలం అంటే నాగలి. దేవుని నాగలి కింద సాగయ్యే పొలం అని ఆ మాటకు అర్థం చెప్పుకోవచ్చు.

ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. మూడు లోకాలు ఎవరివో ఆయనకే, ఊరి పక్క కొన్ని నివర్తనాల పొలం కావలసి వచ్చింది. ఇది వైరుధ్యంగా తోచవచ్చు. కాని 'విష్ణుగృహం' అన్న మాటలోనే సమాధానం ఉంది. దేవుడు ఇక్కడ ఇల్లు కట్టుకుని కాపురమున్నాడు. ఇల్లున్న చోట దీపం, నైవేద్యం, పూలు, పరిచారకులు కావాలి. వాటికి ఏటేటా పంట రావాలి. వైదిక యజ్ఞంలో దేవతలు హవిస్సు అందుకుని వెళ్లిపోతారు. గుడిలోని దేవుడు వెళ్లడు. సాలోక్యం అంటే దేవుని లోకంలో మనిషి ఉండడమని ముందు చదివాము. గుడి కట్టడం దానికి తిరుగుదారి. మనిషి ఉన్న లోకానికి దేవుడే వచ్చి ఉంటాడు.

ఇక్కడ భూయాజమాన్యంలో ఒక పెద్ద మార్పు ఉంది. బ్రాహ్మణునికి ఇచ్చిన భూమి అతని వారసులకు చేరుతుంది, పంపకాలవుతుంది. దేవునికి మరణం లేదు, వారసులు లేరు. కాబట్టి దేవుని భూమి ముక్కలు కాదు. నేటి భారతీయ చట్టం కూడా ప్రతిష్ఠిత దేవతామూర్తిని ఆస్తి కలిగి ఉండగల చట్టపరమైన వ్యక్తిగా గుర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దేవాలయ భూములకు 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం వర్తిస్తుంది. పూర్వం 60,000 సంవత్సరాల నరకం చేయవలసిన పనిని, ఇప్పుడు చట్టం, న్యాయస్థానం చేయవలసి ఉంది. దేవుని మాన్యం ఆక్రమణకు గురికావడం నాడూ భయమే, నేడూ భయమే. కాపలాదారు మాత్రం మారాడు.

మూడు లోకాల మాట రాజులకూ నచ్చింది. తూర్పు చాళుక్యుల రాజముద్రికల మీద 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదు ఉంటుంది. మూడు లోకాలకు అంకుశం వంటివాడు రాజు అని దాని భావం. దేవునికి వాడిన భాషనే రాజు తనకూ వాడుకున్నాడు. పుణ్యభావన ఒక్క మతానికే పరిమితం కాలేదు. 10వ శతాబ్దంలో రెండవ అమ్మరాజు కలుచుంబర్రు శాసనం ద్వారా అత్తిలి ప్రాంతంలోని గ్రామాన్ని సర్వలోకాశ్రయ జినభవనమనే జైనాలయానికి ఇచ్చాడు. ఆ దానానికి ప్రేరణ చామెకాంబ అనే స్త్రీ. అన్ని లోకాలకు ఆశ్రయమన్న పేరు ఇక్కడ ఒక జైన మందిరానికి చెందింది.

6. కొండకు దిగిన వైకుంఠం

తూర్పు చాళుక్యుల రాజధాని వేంగి నుంచి రాజమహేంద్రవరానికి మారింది. వేంగీపురం క్రమంగా పల్లెగా మిగిలింది. కాని దేవలోక భావన ఈ ప్రాంతంలో మరో చోట, మరో రూపంలో కొనసాగింది.

ఏలూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్వారకా తిరుమలను భక్తులు చిన్న తిరుపతి అంటారు. స్థలపురాణం ప్రకారం ఈ కొండ ఆదిశేషుని రూపం. ద్వారకుడనే ముని తపస్సు చేసి, పుట్టలో వెలసిన వేంకటేశ్వరుని కనుగొన్నాడు. ఆ ముని ఉత్తరాభిముఖుడై తపస్సు చేసినందున స్వామి దక్షిణాభిముఖుడై దర్శనమిచ్చాడని చెబుతారు. ఆలయం దక్షిణముఖంగా ఉండడం ఇక్కడి ప్రత్యేకత.

గర్భాలయంలో ఒకే విమానం కింద రెండు ధ్రువమూర్తులున్నాయి. స్వయంభువుగా భావించే మూర్తికి నడుము పై భాగమే కనిపిస్తుంది. పాదాలు పాతాళంలో బలిచక్రవర్తి పూజలందుకుంటున్నాయని విశ్వాసం. పాదపూజ భూలోకవాసులకు లేకుండా పోకూడదని, రామానుజుల సూచనతో నిండు విగ్రహాన్ని వెనుక ప్రతిష్ఠించారని సంప్రదాయం. రెండు మూర్తులున్నందున వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి, ఏటా రెండుసార్లు కల్యాణోత్సవాలు జరుగుతాయి.

ఈ కథను శాసనంతో సమానమైన ఆధారంగా తీసుకోకూడదు. శాసనం తన కాలపు పత్రం. స్థలపురాణం తరాల తరబడి చెప్పుకున్న కథ. అది ఎప్పుడు ఏ రూపం తీసుకుందో కథే చెప్పదు. అయినా నమ్మకాల చరిత్రకు అది విలువైన ఆధారం. పెదవేగి శాసనంలో 'త్రైలోక్యనాథుడు' ఒక విశేషణం. ద్వారకా తిరుమల కథలో అదే భావం ఒక విగ్రహం శరీరమైంది. స్వామి నివాసం వైకుంఠం, కనిపించే రూపం భూమి మీద, పాదాలు పాతాళంలో. మూడు లోకాలనూ కలిపే నిలువు గీత ఒక మెట్ట ప్రాంతపు కొండ గుండా పోతున్నదని ఈ కథ వినే రైతుకు అర్థమవుతుంది. శ్రీరంగాన్ని భూలోక వైకుంఠమని, తిరుమలను కలియుగ వైకుంఠమని పిలవడంలోనూ ఇదే ధోరణి ఉంది.

పోషకులు కూడా మారారు. మధ్యయుగాలకు ముందు రాజులు చేసిన పనిని ఇక్కడ జమీందారులు చేపట్టారు. మైలవరం జమీందారు ధర్మా అప్పారావు (1762–1827) విమానం, మంటపం, గోపురం, ప్రాకారాలు కట్టించారని, అదే సంస్థానానికి చెందిన రాణీ చిన్నమ్మారావు బంగారు కవచాలు, వెండి వాహనాలు సమర్పించారని ఆలయ చరిత్ర చెబుతుంది. రాజులు, జమీందారులు ఇచ్చిన చోట, సామాన్య భక్తుడు ఇచ్చేది తలనీలాలు, ముడుపు, కొండకు నడిచిన నడక. భూదానం చేయలేనివాడికి కూడా దేవలోకంతో సంబంధం ఏర్పరచడం భక్తి ఉద్యమం తెచ్చిన ముఖ్యమైన మార్పు.

7. ఉత్తర ద్వారం ఎవరికి తెరిచారు?

ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశిని ముక్కోటి ఏకాదశి లేదా వైకుంఠ ఏకాదశి అంటారు. ఆ రోజు విష్ణ్వాలయాలలో ఉత్తర ద్వారం గుండా స్వామిని దర్శిస్తే వైకుంఠ ప్రాప్తి కలుగుతుందని విశ్వాసం. ఈ తేదీ వెనుక ఒక లెక్క ఉంది. మనుషుల ఒక సంవత్సరం దేవతలకు ఒక రోజు. ఉత్తరాయణం వారికి పగలు, దక్షిణాయనం రాత్రి. మకర సంక్రాంతికి ముందున్న ధనుర్మాసం వారికి తెల్లవారుజాము. తెల్లవారేవేళ తలుపు తెరుచుకుంటుంది. దేవయాన మార్గంలో సూర్యుని ఉత్తరగతికి ఉన్న ప్రాధాన్యాన్ని ఈ ఉత్తర ద్వారంతో పోల్చి చూడవచ్చు.

రాగి రేకులలోని స్వర్గంతో పోలిస్తే ఈ వైకుంఠం ఎంతో చేరువైనది. దానికి పొలం అక్కరలేదు, యజ్ఞం అక్కరలేదు. తెల్లవారుజామున లేచి, వరుసలో నిలబడి, ఒక తలుపు దాటితే చాలు. కాని ఆ తలుపు అందరికీ తెరిచి ఉండేదా?

20వ శతాబ్దం మధ్య వరకు అంటరానివారిగా చూడబడిన కులాలవారికి అనేక హిందూ దేవాలయాలలో ప్రవేశం లేదు. సనకాదులను అడ్డుకున్నందుకు జయవిజయులు శాపం పొందిన కథను పురాణ కాలక్షేపంలో వింటూనే, ఊరి గుడి ద్వారం వద్ద తోటి మనుషులను ఆపినవారున్నారు. అప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1939లో మద్రాసు ప్రభుత్వం, ఆలయ ప్రవేశాన్ని అనుమతించిన ధర్మకర్తలకు, అధికారులకు రక్షణ కల్పిస్తూ చట్టం చేసింది. 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం హిందూ దేవాలయాలలోకి వెళ్లి పూజించే హక్కును అన్ని కులాల హిందువులకు ఇచ్చింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది. హిందూ మతసంస్థలను అన్ని వర్గాల హిందువులకు తెరిచేలా చట్టం చేసే అధికారాన్ని 25వ అధికరణం రాజ్యానికి ఇచ్చింది.

కాబట్టి వైకుంఠ ద్వారం చరిత్ర రాసేటప్పుడు ధనుర్మాసాన్ని, పురాణాన్ని మాత్రమే పేర్కొంటే చాలదు. 1947ను, 1950ని కూడా పేర్కొనాలి. ఏకాదశి నాడు తలుపు తెరవడం ఆగమ సంప్రదాయం. అది అందరికీ తెరిచి ఉండాలన్నది ప్రజల పోరాటం, చట్టం సాధించిన ఫలితం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
స్థలపురాణాన్ని చరిత్ర రచనలో ఏ పరిమితులతో ఉపయోగించాలి?

8. సారాంశం

దేవలోకాన్ని గురించిన నమ్మకానికి వేంగి ప్రాంతంలో మూడు చారిత్రక రూపాలను గుర్తించాము. శాలంకాయనుల తామ్రశాసనాలలో స్వర్గం భూదానానికి హామీ. అది రాజులకు ఆశ, భయం రెండూ చూపి, వంశాలు మారినా దానం నిలవడానికి తోడ్పడే సాధనమైంది. రెండవ నందివర్మ పెదవేగి శాసనంలో మూడు లోకాల నాథుడు ఇల్లు, పొలం గల యజమానిగా మన మధ్య స్థిరపడ్డాడు. ద్వారకా తిరుమల వంటి క్షేత్రాలలో దేవుని లోకం నడిచి చేరగల కొండగా, దాటగల తలుపుగా మారింది. ప్రతి దశలోనూ దేవలోకం సామాన్యునికి ఒక అడుగు దగ్గరయింది. కాని ఆ దగ్గరతనం అందరికీ సమానంగా దక్కలేదు. మిగిలిన దూరాన్ని తగ్గించింది ఆధునిక చట్టం.

పెదవేగి దిబ్బలలో నేడు కనిపించేవి ఇటుకలు, పెంకులు మాత్రమే. 60,000 సంవత్సరాలు హామీ ఇచ్చిన రాజ్యాలు పోయాయి. ఆ హామీ రాసిన రాగి రేకులు మిగిలాయి. మీ ఊరి గుడికి మాన్యం ఉంటే, అది ఎవరు ఇచ్చారు, ఎవరు సాగు చేశారు, ఆ గుడి తలుపు ఏ కాలంలో ఎవరికి తెరిచారు అన్న ప్రశ్నలు పెద్దలను అడిగి చూడండి. ఈ పాఠ్యభాగంలో చదివిన చరిత్ర అక్కడ కూడా మీకు కనిపిస్తుంది.

ముఖ్యపదాలు

తామ్రశాసనం: రాగి రేకులపై చెక్కిన రాజాజ్ఞ లేదా దానపత్రం.
నివర్తనం: ప్రాచీన భూమి కొలత.
దేవహలం: దేవునికి దానంగా ఇచ్చిన సాగుభూమి.
పరమభాగవతుడు: విష్ణుభక్తుడైన రాజు ధరించే బిరుదు.
సాలోక్యం: ఇష్టదైవం ఉన్న లోకంలో నివసించే ముక్తి స్థితి.
స్థలపురాణం: ఒక క్షేత్రం పుట్టుకను, మహిమను తెలిపే సంప్రదాయ కథ.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శాలంకాయనుల దానశాసనాలలో స్వర్గ నరకాల ప్రస్తావనకు గల రాజకీయ, ఆర్థిక కారణాలను విశ్లేషించండి.
2. వేంగి ప్రాంతంలో దేవలోక భావన పొందిన మార్పులను ఆధారాలతో వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రెండవ నందివర్మ పెదవేగి శాసనం ప్రాముఖ్యం ఏమిటి?
2. ఉత్తర ద్వార దర్శనం, ఆలయ ప్రవేశ చట్టాల మధ్య సంబంధాన్ని చర్చించండి.